తల్లి ఖాతాలో ఎవరి చదువు?

పలాస నుంచి విశాఖపట్నం వెళ్లే పాసింజరు రైల్లో కిటికీ పక్కన కూర్చున్న ఆమె వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి. జీడిపిక్క పెంకులో నూనె ఉంటుంది. అది తగిలిన చోట చర్మం కాలి మచ్చ కడుతుంది. పలాస, కాశీబుగ్గల్లో జీడి పని చేసే ఆడవాళ్లను చేతులు చూసి పోల్చుకోవచ్చు. ఆమె ఒళ్లో రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ ఫైలు ఉంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఎక్కి ఎదుటి సీట్లో కూర్చున్న పెద్దాయనను కాసేపు చూసి, చెంగు సర్దుకుని లేచి నిలబడింది.

"మాస్టారూ, నన్ను పోల్చారా?"

ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవారు. ఉద్యోగం చివరి రోజుల్లో ఓపెన్ స్కూల్ కేంద్రం కూడా చూసుకున్నారు. కళ్లజోడు పైకి జరుపుకున్నారు. "తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పిల్లవి కదూ! కూర్చో తల్లీ."

"నాను మాన్లేదు మాస్టారూ, మాన్పించీసినారు. పదిహేనేళ్లకి పెళ్లి. ఇప్పుడు నాకు ముప్పయ్యారు. పది, ఇంటరు ఓపెన్ స్కూల్లో పాసైపోనాను. ఇప్పుడు దూరవిద్యలో డిగ్రీ మొదటి సంవత్సరం. మా పెద్దగుంటదీ డిగ్రీ మొదటి సంవత్సరమే, విజయనగరంలో. దాని కాడికే వెళ్తన్నాను, ఇంగ్లీషు నోట్సు తెచ్చుకుందామని."

మాస్టారు సంతోషం పట్టలేక పక్క సీటాయనకు కూడా ఆ సంగతి చెప్పారు. ఆ సంతోషం దూసి స్టేషన్ దాటేవరకే. తర్వాత ఆమె అడిగిన ఒక్క ప్రశ్నతో మొదలైన వాదం విజయనగరం దాకా తెగలేదు.

"దాని ఫీజు ప్రభుత్వం కడతాది. నా ఫీజుకి సంఘంలో అప్పు తీసినాను. ఒకే ఇల్లు, ఒకే క్లాసు. తేడా ఎందుకొచ్చినాది?"

"నువ్వు పట్టిన దారి వల్ల వచ్చింది" అన్నారాయన. "ఫీజు రీయింబర్స్‌మెంట్ రోజూ కాలేజీకి వెళ్లి చదివేవాళ్లకి. విద్యా దీవెన అని పేరు మార్చినప్పుడు కూడా దూరవిద్యకీ, మేనేజ్‌మెంట్ కోటాకీ ఇవ్వబోమన్న షరతు ఉంది. నువ్వు రెగ్యులర్‌లో చేరి ఉంటే..."

"చేరితే మాత్రం? నా వయసుకి ఇస్తారా?"

మాస్టారు ఆగారు. ఆయన దాచిపెట్టే మనిషి కాడు. ఉమ్మడి రాష్ట్రంలో ఈపాస్ వెబ్‌సైటు మీద స్కాలర్‌షిప్పులు ఇచ్చిన రోజుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 34 ఏళ్లు, ఈబీసీలకు 25 ఏళ్లు అని గీత గీశారు. గీత గీసినవాళ్ల మనసులో ఉన్న విద్యార్థి పదిహేడేళ్లకు ఇంటర్ ముగించి తిన్నగా కాలేజీలో అడుగుపెట్టిన కుర్రాడో, కుర్రదో. పదిహేనేళ్లకు పెళ్లయి, ఇద్దరు పిల్లల్ని పెంచి, ముప్పై దాటాక పుస్తకం తీసిన మనిషి ఆ బొమ్మలో లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అలాంటి ఆడవాళ్లు అరుదేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా మహిళల అక్షరాస్యత 52.08 శాతం, విజయనగరంలో 49.87 శాతం. అంటే విజయనగరం జిల్లాలో ఆనాడు సగంమందికి పైగా ఆడవాళ్లకు చదవడం రాయడం రాదు. చదువు మధ్యలో తెగినవాళ్లు ఈ లెక్కలోకి రారు, అక్షరాస్యుల్లోనే కలిసిపోతారు.

"పోనీ, డబ్బు మీ చేతికి రావడం లేదా?" మాస్టారు మరో వైపు నుంచి వచ్చారు. "వసతి దీవెన మొదలుపెట్టింది మన విజయనగరంలోనే కదా, 2020 ఫిబ్రవరి 24న. ఐటీఐకి 10,000, పాలిటెక్నిక్‌కి 15,000, డిగ్రీకి 20,000. తల్లి ఖాతాలోనే వేశారు. అంతకుముందు అమ్మ ఒడి, ఇప్పుడు తల్లికి వందనం. 2025 జూన్‌లో నీ రెండోవాడికి పడి ఉండాలే?"

"పడినాయి. పదిహేను వేలన్నారు, రెండు వేలు బడి నిర్వహణకి పట్టుకుని పదమూడు వేలు వేసినారు. ఆడు తొమ్మిది చదువుతన్నాడు. నాను కాదన్నానేటి మాస్టారూ? పథకం పేరులో తల్లి ఉన్నాది, ఖాతా తల్లిది, బొటనవేలు తల్లిది. చదువు మాత్రం ఆడిది. నా చదువుకి నా ఖాతాలో ఒక్క రూపాయి పడినాదేటి, చెప్పండి."

వెంటనే జవాబు రాలేదు. నిజానికి ఇది ఈ వ్యాసానికే మూలప్రశ్న. తల్లి చేతికి డబ్బిస్తే పిల్లల చదువు నిలబడుతుందని ప్రభుత్వాలు ఎప్పుడో గ్రహించాయి. ఏ పార్టీ వచ్చినా తల్లి ఖాతానే నమ్ముకుంది. డ్వాక్రా సభ్యులకు స్త్రీనిధి నుంచి నాలుగు శాతం వడ్డీకి లక్ష రూపాయల దాకా విద్యారుణమని ప్రకటించినప్పుడు కూడా అది పిల్లల చదువు కోసమే. భవన కార్మికుల బోర్డు స్కాలర్‌షిప్పులూ, బీడీ కార్మికుల స్కాలర్‌షిప్పులూ కార్మికుల పిల్లలకే. కార్మికురాలే విద్యార్థిని అయితే ఏ గడిలో రాయాలో ఆ దరఖాస్తుల్లో లేదు.

పొందూరు వచ్చింది. ఇద్దరు మనుషులు బట్టల మూటలతో ఎక్కారు. మాస్టారు కాళ్లు ముడుచుకుని వాళ్లకు చోటిచ్చి, మళ్లీ అందుకున్నారు.

"లేదు లేదు అనుకుంటూ కూర్చుంటే ఉన్నవి కూడా పోతాయమ్మా. నా కేంద్రానికి వచ్చిన ఆడవాళ్లకి నేను చెప్పేది ఇదే. ముందు చౌకదారి పట్టండి. ఓపెన్ స్కూల్లో పదికి పద్నాలుగేళ్లు నిండితే చాలు, పై వయసుకి హద్దు లేదు. ఆడవాళ్లకి ఫీజు రాయితీ ఉంది. ఒకసారి చేరితే ఐదేళ్లు గడువు. ఒక్కో సబ్జెక్టే పాసవుతూ రావచ్చు. డిగ్రీకి ఇగ్నోలో చేరితే ఎస్సీ, ఎస్టీలకి కొన్ని కోర్సుల్లో ఫీజే ఉండదు, ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది. ఇంకోటి చెప్తాను విను. ఎస్సీ, ఎస్టీల కేంద్ర పోస్ట్ మెట్రిక్ మార్గదర్శకాల్లో కరెస్పాండెన్స్ చదువుకి కోర్సు ఫీజు తిరిగి ఇవ్వాలనీ, పుస్తకాలకి కూడా కొంత ఇవ్వాలనీ ఉంది. ఎంతమందికి తెలుసు?"

"నాకు తెలీదు. మా సంఘంలో ఎవలికీ తెలీదు."

"అదే నా బాధ. మరొక్కటి. అదే మార్గదర్శకాల్లో పెళ్లయి ఉద్యోగం లేని విద్యార్థినికి భర్త ఆదాయం చూడాలని రాశారు. అంటే పెళ్లయిన ఆడది చదువుతుందని రూలు రాసినవాడికి తెలుసు. నువ్వేమో పుట్టింటివాళ్ల ఆదాయ ధ్రువపత్రం పట్టుకుని తిరుగుతావు, వాళ్లు పక్కన పడేస్తారు. రెండున్నర లక్షల లోపు ఆదాయమని నీ భర్త పేరున తీసుకోవాలి."

ఈ ఒక్క మాట విలువ తక్కువది కాదు. చదువుకు తిరిగొచ్చే తల్లికి ఎవరూ చెప్పని సంగతి ఇది. పెళ్లికాని పిల్లకు తండ్రి ఆదాయం, పెళ్లయి సంపాదన లేని విద్యార్థినికి భర్త ఆదాయం. దరఖాస్తు అక్కడే తప్పితే తర్వాత ఎన్ని కాగితాలు పెట్టినా నిలవదు. రాష్ట్రం దూరవిద్యను తీసి పక్కన పెట్టిన చోట కేంద్రం ఎస్సీ, ఎస్టీలకు తలుపు తెరిచే ఉంచిందన్నది కూడా అడిగి తెలుసుకోవలసిందే.

ఆమె మాత్రం మెత్తబడలేదు. రబ్బరు బ్యాండు తీసి ఫైలు విప్పింది.

"ఆదాయం సంగతి సరే. ఇదిగో పదో తరగతి మెమో. నాను బడిలో చేరినప్పుడు రాసిన ఇంటిపేరు, మా నాన్నది. ఇదిగో ఆధారు. పెళ్లయ్యాక రేషన్ కార్డులో చేర్చి మా ఆయన ఇంటిపేరు ఎక్కించినారు. బ్యాంకు పుస్తకంలోనూ అదే. కంప్యూటర్లో కొట్టితే రెండు పేర్లూ కలవలేదు. ఇది ఎవలిదమ్మా అని ఒక ఆఫీసులో అడిగినారు. నాదేనండి అన్నాను. రుజువేటి అన్నారు."

మెమో పాతబడి మడతల దగ్గర చిరిగింది. వెనక సెల్లోటేపు అంటించి ఉంది. ఆధారు కార్డు కొత్తది, నిగనిగలాడుతోంది. రెంటి మీదా పుట్టిన తేదీ ఒకటే, పేరు ఒకటే. ఇంటిపేరు వేరు. తెలుగునాట ఆడపిల్ల అత్తారింటికి వెళ్తే ఇంటిపేరు మారడం ఎప్పటి నుంచో ఉన్న వాడుక. చదువు ఆపకుండా సాగిన మగవాడికి ఈ చిక్కు జన్మలో ఎదురుకాదు. మధ్యలో పెళ్లయి, మళ్లీ చదువుకొచ్చిన ఆడదానికి మొదటి మెట్టు మీదే ఎదురవుతుంది.

"రెండు పేర్లూ నీవేనని నోటరీ అఫిడవిట్ పెట్టొచ్చు" అన్నారు మాస్టారు, ఈసారి కాస్త నెమ్మదిగా.

"పెడతాను. నోటరీకి డబ్బులు, బస్సు చార్జీ, ఒక రోజు కూలి. రూలు ఉన్నాదని మీరు చెప్తన్నారు. రూలు కాడికి చేరడానికి ఎంతవుతాదో నాను చెప్తన్నాను."

ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది. డిగ్రీలో చేరదామనుకున్న ఏడాది అంబేడ్కర్ యూనివర్సిటీ అని ఎవరో చెబితే, సెలవు పెట్టుకుని ఎచ్చెర్ల వెళ్లింది. అక్కడున్నది 2008లో శ్రీకాకుళం జిల్లా కోసం పెట్టిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం. ఆమెకు కావలసింది 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా హైదరాబాదులో పుట్టి, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టుకున్నది. గేటు దగ్గర మనిషి మంచివాడు కాబట్టి విడమర్చి చెప్పి పంపాడట. పేరు ఒకటే అయినందుకు ఒక రోజు కూలి పోయింది.

"చూశావా, సమాచారం లేకపోవడమే అసలు జబ్బు అని నేననేది అందుకే" అన్నారు మాస్టారు.

"ఆ జబ్బు మాదేనేటి? సంఘం మీటింగులో లోన్ల కాగితాలన్నీ చదివి చెప్తారు. వాయిదా తప్పితే ఇంటికొచ్చి చెప్తారు. నువ్వు చదువుకోవచ్చు, దానికి ఇంత వస్తాది అని ఎవలూ చెప్పలేదు. మా అమ్మ కాలం నుంచి సంఘం ఉన్నాది మాస్టారూ."

ఆ మాటకు చరిత్ర ఉంది. 2000లో మహిళా సంఘాల వెలుగు ప్రాజెక్టు మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అంటే పాతికేళ్లుగా ఇక్కడ ప్రతి ఊళ్లో ఆడవాళ్లు నెలకోసారి ఒకచోట కూర్చుంటున్నారు. పొదుపు, అప్పు, వడ్డీ అన్నీ వాళ్ల నోటికి వచ్చు. స్కాలర్‌షిప్పుల సంగతి చెప్పడానికి ఇంతకంటే తయారుగా ఉన్న చోటు మరెక్కడ ఉంది? మాస్టారన్న సమాచారం కొరతకు మందు కూడా ఆమె చెప్పిన చోటే ఉందని ఇది రాస్తున్నవారి నమ్మకం.

చీపురుపల్లి దాటాక మాస్టారు గొంతు పెంచారు. ఆయనలోని పాత కార్యకర్త బయటికొచ్చాడు. "అక్షరాస్యతా ఉద్యమం రోజులు నేను చూశానమ్మా. రాత్రి పనులన్నీ ముగించుకుని, లాంతరు పెట్టుకుని వచ్చేవారు ఆడవాళ్లు. ఎవరిచ్చారు వాళ్లకి స్టైఫండు? నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లే 1990ల మొదట్లో సారా దుకాణాన్ని మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. సింగనమల మండలంలో సాకే భారతి ఉంది. వ్యవసాయ కూలీ, ఒక బిడ్డ తల్లి. 2023లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి రసాయనశాస్త్రంలో డాక్టరేటు తీసుకుంది. డబ్బు కోసం ఆగి ఉంటే జరిగేదా అది?"

"ఆ తల్లికి దండం పెడతాను" అందామె. "అయితే మాస్టారూ, ఆవిడ సంగతి పేపర్లో ఎందుకొచ్చినాది? అలగ అందరూ చెయ్యలేరు గనకే వచ్చినాది. వంద మందిలో ఒకలు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చినారని పడవొద్దంటారేటి? రాత్రి గంటసేపు అక్షరాలు దిద్దడం వేరు, డిగ్రీ వేరు. ఆదివారం క్లాసుకెళ్తే ఆ రోజు కూలి రాదు. మా పనిలో ఎన్ని కిలోలు ఒలిస్తే అన్ని డబ్బులు. ఫీజు ఏడాదికోసారి. కూలి వారం వారం పోతాది."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆమె గొంతు తగ్గించి చెప్పిన మాట ఈ వాదంలో అన్నిటికంటే బరువైనది.

"ఇంకోటి ఉన్నాది. ఆడికి పదమూడు వేలు పడినాయి కదా. దానికి హాజరు డెబ్బై అయిదు శాతం ఉండాల. అందికే ఆడు బడి ఎగ్గొడితే మా అత్త ఊరుకోదు, కర్రట్టుకుని తరుముతాది. అదే మా అత్త నాను పుస్తకం తీస్తే, ఇప్పుడు చదివి ఎవల్ని ఉద్ధరిస్తావు అంటాది. నా పేరున ఏడాదికి అయిదు వేలు పడనివ్వండి, హాజరు ఉంటేనే ఇస్తామననివ్వండి. ఆదివారం పూట పొయ్యి కాడి నుంచి నన్ను లేపి పంపించేది మా అత్తే."

స్కాలర్‌షిప్పును ఖర్చుకు సాయంగా మాత్రమే చూసేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు. ఆ డబ్బు వల్ల ఇంట్లో ఆమె చదువుకు ఒక అనుమతి దొరుకుతుంది. అడుక్కోకుండా దొరుకుతుంది.

మాస్టారు ఒప్పుకున్నట్టే తల ఊపి, మళ్లీ అడ్డం తిరిగారు. "సరే, డబ్బు కొంతే ఉంది. తొమ్మిదో తరగతిలో ఇప్పుడు మానబోయే పిల్లకివ్వాలా, ఎప్పుడో మానేసిన నీకివ్వాలా? నేనైతే పిల్లకే ఇస్తాను. నిన్ను ఆనాడు ఆపలేకపోయాను కాబట్టి చెప్తున్నాను."

ఆయన ఆ చివరి మాట అనేటప్పుడు కిటికీ వైపు చూశారు. ఆమె కొద్దిసేపు మౌనంగా ఉంది.

"పిల్ల వాటా నాకొద్దు. పిల్లకి ఇచ్చీయండి. నా వయసు చూసి తోసీకండి, అంతే. పెద్ద చదువులు చదివే తల్లులకి ఇస్తన్నారు కదా?"

ఈ మాటకు ఆధారం ఉంది. యూజీసీ 2016 నిబంధనలు పీహెచ్‌డీ చేసే మహిళకు 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చాయి. గడువులో రెండేళ్లు అదనంగా ఇచ్చాయి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2002-03లోనే, సంసారం వల్ల పరిశోధన ఆగిపోయిన మహిళా శాస్త్రవేత్తల కోసం ప్రత్యేక పథకం పెట్టింది. చదువు నిచ్చెన పై మెట్ల మీద నిలబడ్డ తల్లి ప్రభుత్వానికి కనబడింది. కింది మెట్టు మీద, పదో తరగతి మెమోకు సెల్లోటేపు అంటించుకుని నిలబడ్డ తల్లి ఇంకా కనబడలేదు. ఇంగ్లండ్‌లో పూర్తికాలం డిగ్రీ చదివే తల్లిదండ్రులకు విద్యార్థి రుణంతో పాటు పేరెంట్స్ లెర్నింగ్ అలవెన్స్, శిశు సంరక్షణ గ్రాంటు విడిగా ఉన్నాయి. అమెరికాలో పాట్సీ మింక్ పేరున 2003లో పెట్టిన ఫౌండేషన్ చదువుకునే పేద తల్లులకే సాయం చేస్తుంది.

అంత దూరం పోనక్కర్లేదని గుర్తుచేసింది మాస్టారే. అదీ తన వాదానికి వ్యతిరేకంగా.

"దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు విన్నావా? రాజమండ్రి ఆవిడ. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆ పెళ్లిలోంచి బయటికొచ్చి, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లొచ్చాక, పెద్దయ్యాక బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పాసైంది. ఆంధ్రా యూనివర్సిటీలో చదివింది, తర్వాత లాయరైంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలు. ఆ బోర్డే 1958లో కండెన్స్‌డ్ కోర్సులని పెట్టింది. చదువు ఆగిపోయిన ఆడవాళ్లని రెండేళ్లలో మెట్రిక్ దాకా తీసుకెళ్లడానికి. ఆ డబ్బు గ్రాంటుగా స్వచ్ఛంద సంస్థలకి వెళ్లేది."

ఆమె ముందుకు వంగింది. "ఎప్పుడన్నారు?"

"1958."

"అయితే అప్పుడే ఉన్నాది కదా మాస్టారూ! ఇప్పుడు కుదరదని ఎలగ అంటారు?"

ఆయన నవ్వలేదు. చొక్కా జేబులోంచి పెన్ను తీశారు. నెల్లిమర్ల స్టేషన్ వచ్చి రైలు ఆగింది. వేగం లేనప్పుడే చేతిరాత కుదురుతుందని ఆమె నోట్సు పుస్తకం అడిగి తీసుకున్నారు. వెనక పేజీలో రాయడం మొదలుపెట్టారు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వడానికి అర్జీ. విషయం: దూరవిద్యలో చదువుచున్న మహిళా సంఘ సభ్యులకు వయోపరిమితి లేకుండా ఫీజు, పుస్తకాల సాయం గురించి. దాని కింద ఇంకో వాక్యం: నెలవారీ సంఘ సమావేశంలో విద్యా పథకాలు చదివి వినిపించుట గురించి. రెండో వాక్యం రాసి ఆమె వైపు చూశారు. ఆమె అవునన్నట్టు తలూపింది.

"ఒక్కదానివే ఇస్తే పక్కన పెడతారు. మీ సంఘంలో చదువుతున్నవాళ్లు ఇంకెవరున్నారు?"

"పది కట్టినోళ్లు నలుగురు. ఒకలు అంగన్‌వాడీ ఆయా, పది పాసైతే టీచరు పోస్టుకి పెట్టుకోవచ్చని. ఇంటరు ఒకలు."

"అందరి సంతకాలూ పెట్టించు. వయసులు కూడా రాయించు, దాచొద్దు. నేనూ వస్తాను సోమవారం. పిల్లకే ముందు ఇవ్వాలన్న మాట మాత్రం నేను వదులుకోలేదు, అక్కడ కూడా చెప్తాను."

"చెప్పండి మాస్టారూ. నాదీ నాను చెప్తాను."

విజయనగరం ప్లాట్‌ఫారం మీద గోధుమరంగు చుడీదారు వేసుకున్న అమ్మాయి ఒకచేత్తో పుస్తకం ఊపుతూ పెట్టె వెంట పరుగెత్తుకొస్తోంది. మాస్టారు అర్జీ చివర "ఇట్లు" అని రాసి ఆగారు.

"పేరు ఎలా రాయమంటావు తల్లీ? మెమోలో ఉన్నట్టా, ఆధారులో ఉన్నట్టా?"

"రెండు ఇంటిపేర్లూ రాసీయండి" అని ఆమె ఫైలుకు రబ్బరు బ్యాండు వేసుకుంది.